వరదనీళ్లలో దిగిన యంత్రాన్ని గేర్‌బాక్స్ ఆయిల్ చూడకుండా వదిలిపెట్టకండి: జిల్లా అధికారులకు బహిరంగ లేఖ

కృష్ణా, గోదావరి, మున్నేరు, బుడమేరు పరివాహక జిల్లాల కలెక్టర్లకు, మున్సిపల్ కమిషనర్లకు, జలవనరుల శాఖ ఇంజినీర్లకు

నమస్కారం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో భారీ యంత్రాల గేర్‌బాక్సులు విప్పి బాగుచేసే మెకానిక్‌ని. జేసీబీలు, పొక్లెయిన్లు, లోడర్లు మా షెడ్డుకి వస్తుంటాయి. వరద వచ్చిన ప్రతిసారీ మీరు పిలిపించేవీ అవే యంత్రాలు. వాటి గురించి మీకొక విన్నపం చేసుకోవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. విన్నపమేమిటో ముందే చెప్పేస్తాను. నీళ్లలో పనిచేసిన ఏ యంత్రాన్నైనా డ్యూటీ నుంచి వదిలే ముందు దాని గేర్‌బాక్స్ ఆయిల్, యాక్సిల్ ఆయిల్ చూపించండి. నీళ్లు కలిసి ఉంటే అక్కడే మార్పించండి. ఆ ఆయిల్ ఖర్చు, ఆ పని జరిగిన రోజు కిరాయి జిల్లా యంత్రాంగమే ఇస్తుందని పిలిపించే ఉత్తర్వులోనే రాయండి.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు ఈ ఊళ్లో ఉన్నవాళ్లకి యంత్రాల విలువ కొత్తగా చెప్పక్కర్లేదు. మరునాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది. బుడమేరు మళ్లింపు కాలువకి పడిన మూడు గండ్లు పూడ్చడానికి రాత్రనక పగలనక యంత్రాలు నడిచాయి. అదే సెప్టెంబర్ 1న ఖమ్మంలో మున్నేరు మీద ప్రకాశ్‌నగర్ వంతెనపై చిక్కుకుపోయిన తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవర్ ప్రాణాలకు తెగించి వెళ్లి తీసుకొచ్చాడు. అంతకు ముందు 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు కూడా మునిగిన ఊళ్లలో యంత్రాలతో పనిపడింది. అలాంటి గంటలో నీళ్లు గేర్‌బాక్స్‌లోకి పోతాయేమోనని ఎవరూ ఆలోచించరు. ఆలోచించకూడదు కూడా. మనిషి ప్రాణం ముందు గేర్‌బాక్స్ ఎంత? నేను మాట్లాడేది ఆ గంట గురించి కాదు, నీళ్లు దిగిపోయాక వచ్చే రోజుల గురించి.

నీళ్లు దిగాక ఏం జరుగుతుందంటే, యంత్రాన్ని ప్రెషర్ గన్‌తో కడుగుతారు. బురదంతా పోయి పసుపు రంగు మళ్లీ కనిపిస్తుంది. ఇంజిన్ స్టార్ట్ అవుతుంది, ముందుకీ వెనక్కీ కదులుతుంది, బకెట్ లేస్తుంది. అంతా బాగానే ఉందని ఓనరు పనికి పంపిస్తాడు. రెండు మూడు నెలలు పోయాక అది మా దగ్గరికి వస్తుంది. ఫార్వర్డ్ గేరు వేస్తే వెంటనే లాగట్లేదంటాడు ఆపరేటర్. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ అరుస్తుంది గానీ బండి కదలట్లేదంటాడు. అప్పటికి వరద సంగతి అందరూ మర్చిపోయి ఉంటారు. ఈ నష్టం ఆ వరదదేనని రుజువు చేసే కాగితం ఓనరు దగ్గర ఒక్కటీ ఉండదు.

మీలో చాలామంది ఇంజినీర్లే. అయినా లోపల ఏం జరుగుతుందో కాస్త వివరంగా చెప్పనివ్వండి.

పనిలో ఉన్న గేర్‌బాక్స్ 80, 90 డిగ్రీల వేడి మీద ఉంటుంది. ఆయిల్ పైన ఉండే గాలి కూడా అంతే వేడిగా ఉంటుంది. ఆ గాలి వ్యాకోచించినప్పుడు బయటికి పోవడానికి, చల్లబడినప్పుడు లోపలికి రావడానికి హౌసింగ్ మీద బ్రీదర్ అనే చిన్న మూత ఉంటుంది. 80 డిగ్రీల మీదున్న బాక్స్ ఒక్కసారిగా 30 డిగ్రీల వరదనీళ్లలో దిగితే లోపలి గాలి దాదాపు ఏడో వంతు కుంచించుకుపోతుంది. లోపల ఏడు లీటర్ల గాలి ఉందనుకోండి, ఒక లీటరు ఖాళీ ఏర్పడినట్టు. ఆ ఖాళీని నింపడానికి బ్రీదర్ నుంచి గాలి దొరికితే గాలి వస్తుంది. బ్రీదర్ మునిగి ఉంటే నీళ్లొస్తాయి. బురదతో అది మూసుకుపోయి ఉంటే షాఫ్ట్ దగ్గరున్న ఆయిల్ సీల్ పెదవి సందులోంచి లోపలికి లాగుతుంది. లోపలి ఆయిల్‌ని బయటికి పోనివ్వకుండా పట్టుకోవడానికి చేసిన సీల్ అది. బయటి నీటిని ఆపడం దాని అసలు పని కాదు. అందుకే, నీళ్లు బండి మీదకి రాలేదు, చక్రాల సగం వరకే ఉన్నాయి అని ఎవరైనా చెబితే దాన్ని బట్టి గేర్‌బాక్స్‌కి ఏమీ కాలేదని అనుకోకండి. యాక్సిల్ సీళ్లకి, హబ్బులకి ఆ మట్టం చాలు.

పొక్లెయిన్ల సంగతి కొంచెం వేరు. చైన్ పైవైపు మోసే క్యారియర్ రోలర్ మధ్య భాగం కంటే లోతు నీళ్లలోకి దించొద్దని చాలా కంపెనీల మాన్యువళ్లలో ఉంటుంది. గండి పూడ్చే దగ్గర ఆ హద్దు దాటక తప్పదు. దాటితే చైన్‌ని తిప్పే గేర్లుండే ఫైనల్ డ్రైవ్‌ల్లో, పైభాగాన్ని తిప్పే స్వింగ్ గేర్‌బాక్స్‌లో ఆయిల్ చూడాల్సిందే. కడగడంలో కూడా నీళ్లు పోతాయి. ప్రెషర్ గన్‌ని బ్రీదర్ మీదికి, ఆయిల్ మట్టం చూసే కడ్డీ, అంటే డిప్‌స్టిక్, దిగే ట్యూబ్ మూతి మీదికి, సీళ్ల మీదికి సూటిగా పెట్టి కొట్టడం నేను ఎన్నోసార్లు చూశాను. వరదలో లోపలికి పోని నీళ్లు అక్కడ పోతాయి.

లోపలికి పోయిన నీళ్లు ఏం చేస్తాయి? జేసీబీ లాంటి బ్యాక్‌హో లోడర్‌లో ముందుకీ వెనక్కీ వెళ్లడానికి ఆయిల్‌లో మునిగి తిరిగే క్లచ్ ప్లేట్లు ఉంటాయి. స్టీలు ప్లేటు మీద కాగితం లాంటి పీచు పదార్థాన్ని జిగురుతో అతికించి చేసినవవి. ఆ పీచు నీటిని పీల్చుకుంటుంది. ఉబ్బుతుంది. క్లచ్ పట్టినప్పుడు పుట్టే వేడికి ఆ నీరు ఆవిరై లోపలి నుంచి లైనింగ్‌ని పైకి నెడుతుంది. జిగురు వదిలేస్తుంది. అలాంటి గేర్‌బాక్స్ విప్పినప్పుడు ప్లేట్లు ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరుస్తాం. కొన్నింటికి లైనింగ్ గోటితో గీకితే తడి అట్టలా లేచి వచ్చేస్తుంది. కొన్నింటి మీద అసలు ఉండదు, వట్టి స్టీలు నల్లగా కాలిపోయి ఉంటుంది. పోయిన లైనింగ్ ఎక్కడుందా అని చూస్తే సంప్ అడుగున, అంటే ఆయిల్ నిలిచే కింది తొట్టిలో, స్ట్రెయినర్ జాలీకి ముద్దగా అంటుకుని ఉంటుంది. దాంతో పంపు సరిగా ఆయిల్ లాగలేదు, ప్రెషర్ పడిపోతుంది. ప్రెషర్ పడితే మిగతా ప్లేట్లు కూడా జారి కాలతాయి.

బేరింగుల సంగతీ అంతే. రోలర్‌కి, అది దొర్లే రేసు అనే రింగుకి మధ్య ఆయిల్ పొర చాలా పలచన. అక్కడ నీటి చుక్క నలిగితే ఆ పొర నిలబడదు, లోహానికి లోహం తగులుతుంది. బండి నాలుగు రోజులు ఆగి ఉంటే రోలర్లు ఎక్కడ ఆనుకుని ఉన్నాయో సరిగ్గా అక్కడ తుప్పు గీతలు పడతాయి. వరదనీరు మంచినీరు కూడా కాదు. అందులో సన్నటి ఇసుక, ఒండ్రు, మురుగు అన్నీ ఉంటాయి. నీళ్లు తీసేసినా ఆ ఇసుక వాల్వుల సందుల్లో ఉండిపోయి అరగదీస్తూనే ఉంటుంది. వెనక యాక్సిల్లో బ్రేకు ప్లేట్లు కూడా ఆయిల్‌లోనే తిరుగుతాయి కాబట్టి ఇదే గతి వాటికీ పడుతుంది. గేర్‌బాక్స్ ఒక్కటే చూసి యాక్సిల్ వదిలేస్తే సగం పని చేసినట్టే.

దీన్ని కనిపెట్టడానికి పెద్ద పరికరాలేవీ అక్కర్లేదు. రాత్రంతా కదలకుండా ఉన్న బండి దగ్గరికి తెల్లవారి ఇంజిన్ స్టార్ట్ చేయకముందే వెళ్లి, కింద డ్రెయిన్ బోల్ట్‌ని మెల్లగా రెండు మూడు మరలు వదులు చేస్తే చాలు. నీరు ఆయిల్ కంటే బరువు కాబట్టి విడిగా ఉన్న నీరు అడుగుకి చేరి ఉంటుంది. ముందు అదే కారుతుంది. ఈ పరీక్షలో ఏమీ రాకపోయినా నిశ్చింతగా ఉండొద్దు. ఒకసారి బండి నడిస్తే గేర్లు, ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే టార్క్ కన్వర్టర్ కలిసి నీటిని ఆయిల్‌లో చిలికేస్తాయి. అప్పుడు అది విడిగా దిగదు. డిప్‌స్టిక్ తీసి చూస్తే పాలు ఎక్కువైన టీ రంగులో, కొంచెం నురగగా కనిపిస్తుంది. ఆ రంగు కనిపించిందంటే ఇక పరీక్ష అక్కర్లేదు.

రంగు అనుమానంగా ఉంటే వేడి పెనం పరీక్ష ఉంది. 160 డిగ్రీల దాకా వేడెక్కిన ఇనుప రేకు మీద ఒక చుక్క ఆయిల్ వేస్తే, నీళ్లుంటే బుడగలొచ్చి చిటపటమంటుంది. సుమారు 0.1 శాతం నీరున్నా ఇది పట్టిస్తుంది. కళ్లద్దాలు పెట్టుకుని, మొహం దూరంగా ఉంచి చేయాలి. 0.1 శాతం అంటే ఎంతో లెక్క వేయండి. 20 లీటర్ల ఆయిల్‌లో 20 మిల్లీలీటర్లు. మందు సీసా మూతతో రెండు మూడు సార్లు పోస్తే వచ్చేంత. అంత కొంచెమైనా క్లచ్ ప్లేట్లకి మంచిది కాదు. వరదలో దిగిన బండిలో అంతకన్నా చాలా ఎక్కువే ఉంటుంది. ఇంకా ఖచ్చితంగా కావాలంటే ఆయిల్‌లో నీరు ఎంతుందో కొలిచే కార్ల్ ఫిషర్ పద్ధతిలో ల్యాబ్ పరీక్ష చేయించవచ్చు. అదే శాంపిల్‌లో సిలికాన్ ఎంతుందో చూస్తే ఇసుక సంగతి కూడా తేలిపోతుంది. వందల బండ్లకి ల్యాబ్ దాకా పోనక్కర్లేదు గానీ శాఖ సొంత యంత్రాలకైనా చేయించండి.

ఇంకొక మాట. ఆయిల్ తెల్లబడిన ప్రతి బండిలోనూ వరదనీరే ఉందని కాదు. రేడియేటర్‌తో కలిసి ఉండే ఆయిల్ కూలర్ లోపల చిల్లి పడినా ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ గేర్‌బాక్స్‌లోకి పోతుంది. రేడియేటర్ మూత తీస్తే పైన జిడ్డు తేలుతుందా, నీటి మట్టం రోజూ తగ్గుతుందా అని చూడాలి. అలాంటప్పుడు ఎన్నిసార్లు ఆయిల్ మార్చినా లాభం లేదు, ముందు కూలర్ మార్చాలి. కూలెంట్‌లోని గ్లైకాల్ క్లచ్ ప్లేట్ల జిగురుకి నీటికన్నా ఎక్కువ చేటు. ఇది మీ ఖర్చులోకి రాదు. మీ దగ్గర చూసేవాడికి ఈ తేడా తెలిసుంటే ఓనరుతో గొడవ ఉండదు.

ఇప్పుడు మార్చడం గురించి. ఇక్కడే నాకు ఎక్కువ బాధ కలుగుతుంది. పని తెలిసినవాళ్లు కూడా తొందరలో దీన్ని పాడుచేస్తారు. ఒకసారి బోల్ట్ విప్పి ఆయిల్ దించేసి కొత్తది పోస్తే అయిపోయిందనుకుంటారు. బోల్ట్ విప్పితే సంప్‌లో ఉన్నదే దిగుతుంది. టార్క్ కన్వర్టర్‌లో, కూలర్‌లో, పైపుల్లో ఉన్నది లోపలే ఉండిపోతుంది. మొత్తంలో మూడో వంతు అలా మిగిలిందనుకోండి. 3 శాతం నీరున్న ఆయిల్‌ని ఒకసారి మారిస్తే 1 శాతం మిగులుతుంది. రెండోసారికి 0.33, మూడోసారికి 0.11. మూడుసార్లు మార్చాలని మేం అనేది ఆయిల్ అమ్ముకోవడానికి కాదు, లెక్క అలా ఉంది.

పద్ధతి ఇది. నీళ్లు పోయాయని తెలిసిన బండిని స్టార్ట్ చేయకూడదు. చేస్తే నీళ్లు ప్రతి వాల్వులోకీ, ప్రతి ప్లేటులోకీ చేరతాయి. ముందు ఆయిల్ దించాలి. స్ట్రెయినర్ తీసి కడగాలి, ఫిల్టర్ కొత్తది వేయాలి, బ్రీదర్ మార్చాలి. మాన్యువల్లో చెప్పిన రకం ఆయిల్ పోసి, లోడ్ లేకుండా తక్కువ స్పీడులో నడిపి, ముందుకీ వెనక్కీ గేర్లు మార్చుతూ వేడెక్కనివ్వాలి. వేడిగా ఉన్నప్పుడే మళ్లీ దించాలి. దిగే ఆయిల్ రంగు శుభ్రంగా వచ్చేదాకా ఇలా చేయాలి. కూలర్ పైపులు విప్పి దాన్ని విడిగా ఖాళీ చేస్తే ఒక విడత ఆయిల్ కలిసొస్తుంది. చివరి విడతలో ఫిల్టర్ మళ్లీ కొత్తది వేయాలి. తడిసిన కాగితం ఫిల్టర్ నమ్మదగ్గది కాదు.

దయచేసి ఎవరినీ డీజిల్‌తోనో కిరసనాయిలుతోనో గేర్‌బాక్స్ కడగనివ్వకండి. చవకని చాలాచోట్ల ఇదే చేస్తారు. ఆ డీజిల్ కూడా కన్వర్టర్‌లో ఉండిపోయి కొత్త ఆయిల్‌ని పలచన చేస్తుంది. కడుగుతున్నంతసేపూ పంపు, బేరింగులు సరైన ఆయిల్ లేకుండా తిరుగుతాయి. ఎండలో రెండు రోజులు పెడితే ఆరిపోతుందనేది ఇంకో నమ్మకం. మూసిన ఇనుప డబ్బాలో నీరు ఎండకి ఆరదు. నడిపిస్తే వేడికి ఆవిరైపోతుందనే వాదన కొంచెం నిజమే గానీ, ఆ కొంచెం ఆవిరయ్యేలోపు ప్లేట్లు దెబ్బతినేస్తాయి.

మీరు క్యాంపులో ఆయిల్ డ్రమ్ములు తెచ్చి పెట్టుకుంటే వాటి నిల్వ కూడా చూడండి. డ్రమ్ము నిలువుగా ఆరుబయట పెడితే పై రేకు మీద వాననీళ్లు నిలుస్తాయి. పగటి వేడికి, రాత్రి చలికి డ్రమ్ములోని గాలి వ్యాకోచించి కుంచించుకుంటూ మూత మరల సందులోంచి ఆ నీటిని లోపలికి పీల్చుకుంటుంది. డ్రమ్ముని పడుకోబెట్టి, రెండు మూతలూ ఒకే మట్టంలో ఉండేలా తిప్పి పెడితే ఈ బాధ ఉండదు. కొత్త ఆయిల్‌తోనే నీళ్లు పోయడం కంటే దురదృష్టం ఇంకోటి లేదు.

ఇక డబ్బు సంగతి. విపత్తు నిర్వహణ చట్టం, 2005లోని 65వ సెక్షన్ సహాయ చర్యల కోసం వనరులనీ వాహనాలనీ తీసుకునే అధికారం ఇస్తుంది. 66వ సెక్షన్ పరిహారం గురించి చెబుతుంది. వాహనానికి ఎంతివ్వాలో ఆ ప్రాంతంలో నడుస్తున్న కిరాయి రేట్లను బట్టి ప్రభుత్వం నిర్ణయించాలని అందులో ఉంది. మీరు చట్టం ప్రకారమే ఇస్తారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ నడుస్తున్న కిరాయి అంటే ఏమిటి? పొలంలో మట్టి తోలడానికో, ఇంటి పునాది తీయడానికో ఇచ్చే గంట రేటు. ఆ రేటు పొడినేల మీద పనికి కట్టినది. నడుము లోతు నీళ్లలో దిగి వచ్చిన బండికి మూడు విడతల ఆయిల్, ఫిల్టర్లు, సీళ్లు, ఒక రోజు ఖాళీ అందులో లేవు. ఓనరు దాన్ని తన జేబులోంచి పెట్టుకోవాలి, లేదంటే పెట్టకుండా పనికి పంపించాలి. ఎక్కువమంది రెండోదే చేస్తారు, ఎందుకంటే నెల తిరిగేసరికి ఫైనాన్స్ కంపెనీకి కిస్తీ కట్టాలి.

బీమా ఉంది కదా అనొచ్చు. గేర్‌బాక్స్ మూడు నెలల తరవాత జారడం మొదలుపెడితే దాన్ని అరుగుదల అనే అంటారు. అరుగుదలకు బీమా రాదు. వరదలో పనిచేసినట్టు, అప్పుడు ఆయిల్‌లో నీళ్లున్నట్టు సంతకం ఉన్న కాగితం ఒకటుంటే కనీసం అడగడానికి ఆధారం ఉంటుంది. ఒక్క యంత్రమే ఆస్తిగా ఉన్న చిన్న ఓనర్లు మా చుట్టుపక్కల ఎక్కువమంది. గేర్‌బాక్స్ ఓవర్‌హాల్ ఖర్చు మూడు విడతల ఆయిల్ ఖర్చుకి ఎన్నో రెట్లు. ఆ దెబ్బ తిన్న మనిషి మళ్లీ వరద వచ్చి మీ వీఆర్వో ఫోన్ చేస్తే ఎత్తడానికి వెనకాడతాడు. అతన్ని తప్పుపట్టలేం. నాకున్న భయం అదే. వచ్చే వరదలో పిలవగానే బండ్లు రావాలంటే, ఈ వరద నుంచి అవి క్షేమంగా ఇంటికి వెళ్లాలి.

అందుకని నేను కోరేవి పెద్దవేం కావు. డ్యూటీలో చేరేటప్పుడే, బండి ఎన్ని గంటలు నడిచిందో చూపే అవర్ మీటర్ రీడింగ్‌తో పాటు గేర్‌బాక్స్ ఆయిల్ ఎలా ఉందో ఒక గడిలో రాయించండి. పాత జబ్బుకి మీరు డబ్బు కట్టక్కర్లేదు. నీళ్లలో ఎంత లోతుకి, ఎన్ని గంటలు దిగిందో సైట్‌లో ఉన్న ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) గానీ సచివాలయ ఇంజినీరింగ్ అసిస్టెంట్ గానీ ఆ కాగితం మీదే రాయాలి. వదిలేముందు మెకానిక్ చేత డ్రెయిన్ బోల్ట్ పరీక్ష చేయించండి. దించిన ఆయిల్ మళ్లీ కాలువలోనే పోయకుండా ఖాళీ డ్రమ్ముల్లో పట్టించి, వాడిన ఆయిల్ సేకరించేవాళ్లకి ఇప్పించండి. ఇది నేను ప్రత్యేకంగా అడుగుతున్నాను, ఎందుకంటే పది బండ్ల ఆయిల్ ఆ బురదలో కలిస్తే ఆ వీధివాళ్లకి ఇంకో కష్టం మొదలవుతుంది.

మున్సిపాలిటీల సొంత యంత్రాలకి కూడా ఇదే వర్తిస్తుంది. వానాకాలం ముందు డ్రెయిన్లలో పూడిక తీసే బండ్లు గంటల తరబడి మురుగునీళ్లలో నిలబడతాయి. సర్వీసుకి అవర్ మీటర్ గడువు వచ్చేదాకా ఆగకుండా, పూడికతీత అయిపోగానే వాటి ఆయిల్ చూడండి.

ఈ ఉత్తరం చదివే ఓనర్లకి, ఆపరేటర్లకి కూడా ఒక మాట. ప్రభుత్వం ఏం చేసినా చేయకపోయినా, నీళ్లలో దిగిన రాత్రి బండి ఆపాక పొద్దున స్టార్ట్ చేయకండి. ముందు బోల్ట్ వదులు చేసి చూడండి. కారిన నీళ్లని ఫోన్‌లో వీడియో తీసి, తేదీ కనిపించేలా దాచుకోండి.

ఉత్తర్వులో చేర్చడానికి ఒక వాక్యం రాసిపెడుతున్నాను. మీ న్యాయ, ఆర్థిక విభాగాల వాళ్లు సరిదిద్దుకోవచ్చు: "వరద విధుల్లో నీటిలో దిగిన ప్రతి యంత్రానికి, విధుల నుంచి విడుదల చేసే ముందు, ట్రాన్స్‌మిషన్, యాక్సిల్, ఫైనల్ డ్రైవ్ ఆయిల్ పరీక్ష జరపాలి, నీరు కలిసినట్టు తేలితే ఆయిల్, ఫిల్టర్ల మార్పిడి ఖర్చును, ఆ పనికి పట్టిన కాలానికి కిరాయిని జిల్లా యంత్రాంగం చెల్లించాలి." జూన్‌లో నైరుతి వచ్చేలోపు ఇది మీ నమూనా ఉత్తర్వులో చేరితే చాలు. పరీక్ష ఎలా చేయాలో మీ సిబ్బందికి చూపించడానికి మీరు ఎక్కడికి రమ్మంటే అక్కడికి నా పనిముట్లతో వస్తాను. దానికి డబ్బులేమీ అక్కర్లేదు.

ఇట్లు,
మీ విధేయుడు,
గేర్‌బాక్స్ మెకానిక్, ఆటోనగర్, విజయవాడ